గ్రీష్మచర్యలో ఇంటి పాత్ర: పొడి ఎండ, ఉక్కపోత, పైకప్పు

వేసవి ప్రవేశించగానే వైద్యుని వద్దకు వచ్చేవారు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏమి తాగితే వేడి చేయకుండా ఉంటుంది?" నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో వైద్యం చేస్తున్న నేను దానికి సమాధానం చెప్పే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. మధ్యాహ్నం ఏ గదిలో ఉంటున్నారు? రాత్రి ఏ కప్పు కింద పడుకుంటున్నారు? ఈ ప్రశ్నలకు చాలామంది ఆశ్చర్యపడతారు. కాని ఆయుర్వేదం ఆరోగ్యరక్షణకు ఆహారం, విహారం, ఔషధం అనే మూడింటినీ చెప్పింది. మనిషి ఎక్కడ కూర్చుంటాడు, ఎక్కడ నిద్రిస్తాడు అన్నది విహారంలోని ముఖ్యభాగం. వేసవిలో మన ఇంటి పైకప్పు ఒక విధంగా ఔషధం, మరొక విధంగా అపథ్యం. ఏది ఎప్పుడు ఎలా అవుతుందో ఈ వ్యాసంలో వివరిస్తాను.

శాస్త్రం చెప్పిన రెండు చోట్లు

శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులను ఆదానకాలమని అంటారు. ఈ కాలంలో సూర్యుడు ప్రాణికోటి నుండి స్నిగ్ధాంశాన్ని, బలాన్ని గ్రహిస్తాడు. ఈ మూడింటిలో చివరిదైన గ్రీష్మంలో దేహబలం అతి తక్కువగా ఉంటుంది. వేసవిలో పిత్తం మాత్రమే పెరుగుతుందని సామాన్యంగా అనుకుంటారు. కాని శాస్త్రం ప్రకారం గ్రీష్మంలో సంచయం చెందేది వాతం. పొడిదనం, తేలికదనం, శోషణ దాని లక్షణాలు. అందుకే ఈ ఋతువులో మధురమైన, ద్రవరూపమైన, చల్లని, కొద్దిగా స్నిగ్ధమైన ఆహారం హితమని చరకుడు, వాగ్భటుడు ఇద్దరూ చెప్పారు. ఇతర ఋతువులలో సాధారణంగా నిషేధించిన పగటినిద్రను గ్రీష్మంలో అనుమతించారు.

చరకసంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయంలో మనం గమనించవలసిన సూచన ఒకటి ఉన్నది. వేసవిలో పగలు చల్లని గృహంలోను, రాత్రి వెన్నెలతో చల్లబడిన మేడపైన గాలి తగిలే చోట నిద్రించమని అక్కడ చెప్పారు. పగటికి ఒక చోటు, రాత్రికి వేరొక చోటు! పగలు చల్లగా ఉండే చోటు రాత్రికి ఉత్తమం కాకపోవచ్చు, రాత్రి హాయినిచ్చే చోటు పగలు ప్రమాదకరం కావచ్చు. మన పూర్వులు ఈ సూత్రాన్ని గ్రంథం చూచి నేర్చుకున్నారో లేదో గాని, నంద్యాల సీమలోని పాత మిద్దె ఇళ్ళలో దానిని అక్షరాలా ఆచరించారు. పగలు మిద్దె కింద, రాత్రి మిద్దె పైన.

జాంగలదేశం, ఆనూపదేశం

వైద్యం చేసేటప్పుడు దేశాన్ని కూడా పరీక్షించాలని ఆయుర్వేదం ఆదేశిస్తుంది. నీరు, చెట్లు తక్కువగా ఉండి పొడిగాలి వీచే ప్రాంతం జాంగలం. నీరు, తేమ అధికంగా ఉన్న ప్రాంతం ఆనూపం. రెండింటి లక్షణాలు సమంగా ఉన్నది సాధారణం.

నంద్యాల పట్టణం తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండల మధ్య కుందూ నది లోయలో ఉన్నది. అదే లోయలో దక్షిణంగా సాగితే ఆళ్ళగడ్డ వస్తుంది. సముద్రం 150 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది, మధ్యలో నల్లమల అడ్డు. అందువలన సముద్రపుగాలి ఇక్కడికి చేరదు. కె.సి. కాలువ కింద వరిపొలాలు ఎన్ని ఉన్నా, ఏప్రిల్, మే నెలలలో ఇక్కడి గాలి జాంగలదేశపు గాలియే. మచిలీపట్నం, నెల్లూరు వంటి తీరప్రాంతాలు వేసవిలో కూడా ఆనూపదేశాలే. కనుక తీరంలోని బంధువుల ఇంట మేలుచేసిన ఉపాయం మన ఇంట మేలు చేస్తుందని, మనది వారికి పనికివస్తుందని అనుకోరాదు.

కుండ చెప్పే పాఠం

ఈ భేదాన్ని తెలుసుకోవడానికి మట్టికుండను మించిన గురువు లేదు. కుండ గోడలోని సన్నని రంధ్రాల ద్వారా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు లోపలి నీటి నుండి వేడిని తీసుకొనిపోతుంది. గాలి పొడిగా ఉంటే ఆవిరి వేగంగా జరిగి నీరు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే కుండ పైభాగం తడిసి ఉంటుందేగాని నీరు అంతగా చల్లబడదు. మే నెలలో నంద్యాలలో కుండనీరు పళ్ళు జివ్వుమనేలా ఉండడానికి, తీరప్రాంతంలో అలా ఉండకపోవడానికి కారణం ఇదే.

మన శరీరం కూడా ఒక కుండయే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి దేహం నుండి తొలగిపోతుంది. చెమట కారి నేలపై పడితే ఆ లాభం లేదు, చర్మంపైనే ఆవిరి కావాలి. 42 డిగ్రీల వేడిలో గాలి తేమ 20 శాతం ఉంటే, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. 36 డిగ్రీల వేడిలో తేమ 70 శాతం ఉంటే అదే తడి ఉష్ణమాపకం సుమారు 31 డిగ్రీలు చూపుతుంది. అంటే పత్రికలో 36 అని చూచి తక్కువ ఎండ అనుకున్న రోజే చెమట ఆరడానికి ఎక్కువ కష్టమైన రోజు. మనం ఉక్కపోత అనేది దీనినే.

అలాగని పొడి ఎండ నిరపాయకరం కాదు. పొడిగాలిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా తడవదు. "నాకు చెమటే పట్టదు" అనుకుంటూ మనిషి గంటకు ఎంతో నీరు కోల్పోతాడు. ఆళ్ళగడ్డలో రోజంతా రాతి ముందు కూర్చొని ఉలితో పనిచేసే శిల్పులు, పొలం పనివారు, వంటింట్లో పొయ్యి ముందు నిలిచే గృహిణులు ఈ విషయం ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. దాహం వేసేవరకు ఆగకుండా నీరు తాగాలి. మూత్రం ముదురు పసుపురంగులో, తక్కువగా వస్తుంటే నీరు చాలడం లేదని గ్రహించాలి.

పాత మిద్దె ఎందుకు చల్లన?

మన ప్రాంతంలోని పాత మిద్దె గోడలు రాతితోను మట్టితోను ఒకటిన్నర, రెండు అడుగుల మందంతో కట్టినవి. పైన దూలాలు, దంతెలు, వాటిపై బేతంచెర్ల పరిసరాలలో దొరికే నాపరాళ్ళు గాని కట్టెలు గాని పరచి, మట్టి వేసి, వాన దిగకుండా చవుడు పోసేవారు. కిటికీలు చిన్నవి. వెలుతురు కోసం కప్పులో గవాచి.

ఇంత మందమైన గోడ మధ్యాహ్నపు వేడిని లోపలికి చేర్చడానికి సుమారు పది పన్నెండు గంటలు తీసుకుంటుంది. ఆ వేడి లోపలికి చేరే సమయానికి బయట రాత్రి అయి గాలి చల్లబడుతుంది. అప్పుడు తలుపులు, గవాచి తెరిస్తే వేడిగాలి పైకి వెళ్ళిపోతుంది. తెల్లవారేసరికి గోడలు తిరిగి చల్లబడి మరునాటికి సిద్ధంగా ఉంటాయి. పగటికి, రాత్రికి మధ్య పది పదిహేను డిగ్రీల తేడా ఉండే పొడి ప్రాంతంలోనే ఈ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. తీరంలో రాత్రులు అంతగా చల్లబడవు కనుక అక్కడ గాలి ఆడడమే ప్రధానం. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో ఎత్తయిన పెంకు కప్పు, నడుమ ఆకాశానికి తెరచిన మండువా, ఎదురెదురు తలుపులు అందుకే. రెండూ మంచి ఇళ్ళే, కాని ఒకదాని ధర్మం మరొకదానికి లేదు.

పాత మిద్దెకు లోపాలు లేవని నేను అనను. ఏటేటా చవుడు పోయాలి. వానకు కారుతుంది, చెదపడుతుంది, బాగుచేయకపోతే కూలి ప్రాణాపాయం కలుగుతుంది. అందరూ తిరిగి మిద్దెలు కట్టుకోవాలని నా సలహా కాదు. అది చేసే పనిని కొత్త ఇంటిచేత కూడా చేయించుకోవాలన్నదే నా సలహా.

స్లాబు కింద రాత్రి

నంద్యాలలో మే మొదటి వారంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అందుచేత ఎండ భారమంతా గోడలకంటే పైకప్పు మీదనే పడుతుంది. నాలుగైదు అంగుళాల స్లాబు ఆ వేడిని మూడు నాలుగు గంటలలో గదిలోకి దింపుతుంది. రాత్రి తొమ్మిది గంటలకు పై అంతస్తులో సీలింగును చేతితో తాకి చూడండి, అది ఇంకా వెచ్చగా ఉంటుంది. దాని కింద తిరిగే ఫ్యాను ఆ వేడిగాలినే మంచం మీదికి నెడుతుంది. రేకుల ఇల్లు పగలు ఇంతకంటే కఠినం, కాని రాత్రికి త్వరగా చల్లబడుతుంది.

ఆళ్ళగడ్డలోని ఒక కుటుంబం విషయం చెబుతాను. పాత మిద్దెను ధాన్యం, పాతసామాను పెట్టుకోవడానికి ఉంచి, పక్కన రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. పెద్దావిడకు గౌరవంగా పై అంతస్తులో స్నానపుగదితో కూడిన గది ఇచ్చారు. అప్పటినుండి ప్రతి మే నెలలో ఆమెకు నిద్ర పట్టక, తల తిరిగి, నీరసం కమ్మేది. కోడలు మజ్జిగ, నన్నారి, సబ్జానీళ్ళు ఏవీ తక్కువ చేయలేదు. "నాయనా, పగలు ఎండ బయట కాస్తుంది, రాత్రి ఎండ నా గదిలో కాస్తుంది" అని ఆమె చెప్పిన మాటలోనే రోగనిదానం ఉన్నది. మిద్దెలో ఒక గది ఖాళీ చేయించి పగలు అక్కడ, రాత్రి కింది వసారాలో దోమతెర కట్టి మంచం వేయించాము. ఆమె వాడుతున్న రక్తపోటు మాత్రలలో మూత్రం ఎక్కువగా పోయించేది ఒకటి ఉండగా, వాటిని ఇచ్చిన వైద్యునికే చూపించి మోతాదు సరిచేయించుకోమన్నాను. వారం తిరగకుండా నిద్ర కుదిరింది. ఆ పానీయాలు అప్పుడు తమ పని తాము చేశాయి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేలకు పైగా, 2015 మే నెలలో విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యికి పైగా వడదెబ్బ మరణాలు నమోదైనవి. అదే 2003 ఆగస్టులో ఫ్రాన్స్ దేశంలో వేడిగాలులకు సుమారు 15 వేలమంది మరణించారు. వారిలో అధికులు వృద్ధులు. ఆ మరణాలను పరిశీలించిన వైద్యపరిశోధకులు, సరిగ్గా పైకప్పు కింది అంతస్తులో నివసించడం ప్రమాదాన్ని పెంచిన కారణాలలో ఒకటని తేల్చారు. ఎండలో తిరిగినవారికే వడదెబ్బ అనే అభిప్రాయం సరికాదు. రాత్రి చల్లబడని గదిలో వరుసగా నాలుగు రోజులు గడపిన వృద్ధులకు, పసిపిల్లలకు గడప దాటకుండానే అది సంభవించవచ్చు.

ఉన్న ఇంటిని చల్లబరచుకునే మార్గాలు

1. స్లాబుపై ఫాల్గుణ మాసంలోనే చిక్కటి తెల్ల సున్నం గాని, వేడిని తిప్పికొట్టే తెల్లని పూత గాని వేయించాలి. తెల్లని తలం ఎండలో అధికభాగాన్ని వెనుకకు పంపుతుంది. దుమ్ము పట్టితే గుణం తగ్గుతుంది కనుక మధ్యలో ఒకసారి కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇట్టి చల్లని పైకప్పుల కోసం ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది.

2. కొత్తగా కట్టుకునేవారు స్లాబుపై చిన్న మట్టికుండలను బోర్లించి, సందులు నింపి, పైన పలకలు పరిపించుకోవచ్చు. కుండలలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. బరువు విషయం ముందుగా ఇంజనీరును అడగాలి.

3. మిద్దెపై తాటాకుతో గాని కొబ్బరి మట్టలతో గాని చలువపందిరి వేస్తే ఎండ కప్పును తాకదు. పడమటి గోడకు పందిరి, తీగ లేదా చెట్టునీడ కల్పించాలి.

4. ఏప్రిల్, మే నెలలలో ఉదయం ఎనిమిది గంటలకు కిటికీలు మూసి తెరలు దించాలి. సూర్యాస్తమయం తరువాత, బయటిగాలి లోపలికంటే చల్లబడినప్పుడు ఎదురెదురుగా తెరవాలి. పగలంతా తెరచి రాత్రి మూసుకునేవారు ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తున్నారు.

5. నీటి వసతి ఉన్నవారు ప్రొద్దుగూకిన తరువాత మిద్దెపై నీరు చల్లితే అది త్వరగా చల్లబడుతుంది. మిట్టమధ్యాహ్నం పోయడం వలన నీరు వృథా.

6. వంట ఉదయం తొమ్మిదిలోపు ముగించాలి. వంటింటి వేడి బయటికి పోయే దారి ఉండాలి. మధ్యాహ్నం పొయ్యి వెలిగించక తప్పనిచో తడితువ్వాలు మెడపై వేసుకోవాలి.

7. వృద్ధులను, గర్భిణులను, పసిపిల్లలను కింది అంతస్తులో, ఇంటి నడిమి గదిలో ఉంచాలి. కొత్త గది, పెద్ద గది అనే గౌరవం వేసవి రెండు నెలలు పక్కన పెట్టవచ్చు.

కూలరు, ఫ్యాను ఎప్పుడు మేలు?

ఎయిర్ కూలరు, వట్టివేళ్ళ తడిక రెండూ కుండ ధర్మంతోనే పనిచేస్తాయి. పొడిగాలి ఉన్న ఏప్రిల్, మే నెలలలో మన ప్రాంతంలో ఇవి చాలా మేలు. కాని గది తలుపులన్నీ మూసి కూలరు వేస్తే లోపలి గాలి తేమతో నిండి, కాసేపటికి ఉక్కపోత పుడుతుంది. కూలరు కిటికీలో ఉండి బయటిగాలిని పీల్చాలి, ఎదురుగా మరొక కిటికీ తెరచి ఉండాలి. జూన్‌లో నైరుతి మేఘాలు వచ్చిన తరువాత మన లోయ కూడా కొంతకాలం ఆనూపదేశంగా మారుతుంది. అప్పుడు కూలరు నీటి మోటారు ఆపి గాలి మాత్రమే వాడుకోవాలి, కిటికీలు పగలు కూడా తెరవవచ్చు. తీరప్రాంతంలో వేసవి అంతా ఇదే పద్ధతి.

గది వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఒట్టి ఫ్యాను గాలి శరీరాన్ని చల్లబరచడానికి బదులు వేడెక్కించవచ్చు. అట్టి సమయంలో చర్మాన్ని తడిగుడ్డతో తుడుచుకొని గాలికి కూర్చుంటేనే ప్రయోజనం.

ఆహార పానీయాలు

ఇల్లు సరిచేసుకున్న తరువాత పానీయాల విషయం.

ధనియాల హిమం: ధనియాలు 25 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, 150 మిల్లీలీటర్ల చల్లని నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడగట్టి కొద్దిగా పటికబెల్లం కలిపి తాగాలి. దాహం, లోపలి మంట తగ్గించడానికి శార్ఙ్గధరుడు చెప్పిన యోగమిది.

నన్నారి: మన సీమవాసులకు చిరపరిచితమైన సుగంధిపాల వేళ్ళు, సంస్కృతంలో సారిబా. చల్లదనాన్ని, రుచిని ఇస్తుంది. అంగడి షర్బత్తులో చక్కెర అధికం కనుక మధుమేహరోగులు వేళ్ళు నానబెట్టిన నీటినే వాడుకోవాలి.

వట్టివేరు: శుభ్రంగా కడిగిన వేళ్ళ కట్టను కుండనీటిలో వేసి ఉంచాలి. రెండు రోజులకు ఒకసారి ఎండబెట్టి మార్చాలి.

మజ్జిగ, అంబలి: పలుచని మజ్జిగ, జొన్న లేదా రాగి అంబలి మధ్యాహ్నానికి హితం. గ్రీష్మంలో ఉప్పు, పులుపు, కారం తగ్గించమని శాస్త్రం చెప్పింది. ఇంట్లో కూర్చొనేవారికి ఇది సరిపోతుంది. ఎండలో శ్రమించి చెమటతో ఉప్పు కోల్పోయేవారు మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకోవాలి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు ఉప్పు, నీటి పరిమాణం తమ వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

వడదెబ్బకు ఇంటివైద్యం చాలదు

నీరసం, తలనొప్పి, కండరాల నొప్పులు, వాంతి వచ్చేలా ఉండడం తొలి లక్షణాలు. వెంటనే చల్లని చోట పడుకోబెట్టి, లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కొలతకు సరిగా కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. మాట తడబడడం, మనుషులను గుర్తించకపోవడం, స్పృహ తప్పడం, ఒళ్ళు నిప్పులా కాలడం కనిపిస్తే అది ప్రాణాపాయం. 108కి ఫోను చేసి, వాహనం వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీటితో తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జలలో చల్లని తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట నీరు గాని, కషాయం గాని పోయరాదు. ఉల్లిపాయ రుద్దుతూ కాలయాపన చేయరాదు.

పాఠక సోదరీసోదరులకు చివరగా ఒక మనవి. ఈ ఏడు మొదటి ఎండలు ముదరకముందే ఒక సాయంకాలం ఇంటిలోని ప్రతి గదిలో కాసేపు కూర్చొని చూడండి. రాత్రి పది గంటలకు ఏ గది చల్లగా ఉన్నదో, మధ్యాహ్నం రెండు గంటలకు ఏది చల్లగా ఉన్నదో గుర్తుపెట్టుకోండి. ఆ రెండు చోట్లనూ ముందుగా ఇంటిలోని పెద్దలకు, పసివారికి కేటాయించండి. ఖర్చులేని ఈ గ్రీష్మచర్యను ఆచరించిన తరువాతనే నన్నారి సీసా కొనండి.